ఐపీ, ఎన్‌సీఎల్‌టీ, పర్సనల్ గ్యారంటీ: దివాలా ఎవరికి ఏ చట్టం కింద?

తెనాలి_బజారు

"దివాలా తీశాడు", "ఐపీ పెట్టాడు", "కంపెనీ ఎన్‌సీఎల్‌టీకి పోయింది". మన దగ్గర ఈ మూడు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. చట్టం దృష్టిలో ఇవి ఒకటేనా?

ఉదాహరణకి ఒక వ్యాపారిని తీసుకోండి. సొంత పేరు మీద హోల్‌సేల్ కిరాణా షాపు, దాని కోసం ప్రోనోట్ల మీద తెచ్చిన 38 లక్షలు. తమ్ముడితో కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరున పప్పు మిల్లు, దానికి బ్యాంకులో 4 కోట్ల క్యాష్ క్రెడిట్. ఆ బ్యాంకు అప్పుకి అన్నదమ్ములిద్దరూ పర్సనల్ గ్యారంటీ ఇచ్చారు, అన్న ఇల్లు తాకట్టులో ఉంది. ఇప్పుడు షాపూ మిల్లూ రెండూ ఆగిపోయాయి. ఒకే కోర్టులో ఒకే పిటిషన్ వేస్తే అన్నిటికీ సరిపోతుందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

సివిల్_సైడు

సరిపోదండి. ముందు అడగాల్సింది అప్పు ఎంత అని కాదు, ఎవరి పేరున ఉంది అని.

షాపు ప్రొప్రయిటర్‌షిప్ కాబట్టి షాపు అప్పంటే ఆ మనిషి అప్పే. బోర్డు మీద "ట్రేడర్స్" అని ఉన్నా చట్టం దృష్టిలో అక్కడ వేరే వ్యక్తి లేడు. మన రెండు రాష్ట్రాల్లో మామూలు వ్యక్తి దివాలాకి ఇవాళ్టికీ పనిచేస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. జనం నోట్లో ఉన్న "ఐపీ" అదే, ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. ఇది పడేది సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. అప్పుదారు మామూలుగా నివాసం ఉండే చోటో, వ్యాపారం చేసే చోటో ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వేయాలి.

మిల్లు కంపెనీ వేరు. కంపెనీకీ ఎల్ఎల్‌పీకీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి) 2016 నాటి దివాలా కోడ్ రెండో భాగం వర్తిస్తుంది. ఇది నడిచేది ఎన్‌సీఎల్‌టీలో, అంటే కంపెనీ కేసులు చూసే జాతీయ ట్రైబ్యునల్‌లో. తెలంగాణ కంపెనీలకు ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు అమరావతి బెంచ్. కంపెనీ మీద సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ వేయడానికి లేదు. 1920 చట్టం 8వ సెక్షన్ రిజిస్టరైన కంపెనీలను బయటే పెట్టింది.

గ్యారంటీదారులుగా అన్నదమ్ములది మూడో దారి. కంపెనీ అప్పుకి గ్యారంటీ ఇచ్చిన వ్యక్తులకు మాత్రం 2019 డిసెంబర్ 1 నుంచి అదే కోడ్‌లోని మూడో భాగం అమల్లోకి వచ్చింది. ఇది కూడా ఎన్‌సీఎల్‌టీలోనే.

ఇక భాగస్వామ్య సంస్థ సంగతి. అన్నదమ్ములు కంపెనీ పెట్టకుండా పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకుని ఉంటే అది మళ్లీ 1920 చట్టం కిందికే వస్తుంది. పైగా సంస్థ అప్పు మొత్తానికీ ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. "నా వాటా పాతిక శాతమే" అన్న మాట అప్పులవాళ్ల ముందు చెల్లదు.

పద్దుపుస్తకం

సివిల్_సైడు గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక కలుపుతాను. దివాలా కోడ్ గురించి రాసిన చాలా వ్యాసాల్లో "ఫ్రెష్ స్టార్ట్" అని ఒకటి కనిపిస్తుంది. ఏడాదికి 60,000 లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు, సొంతిల్లు లేకపోవడం. ఇవన్నీ ఉంటే అప్పు రద్దు, దరఖాస్తు డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రైబ్యునల్‌లో) అని ఉంటుంది. కోడ్ పుస్తకంలో ఇది 80వ సెక్షన్ దగ్గర నిజంగానే ఉంది. కానీ మామూలు వ్యక్తులకు వర్తించే ఆ భాగాన్ని కేంద్రం నోటిఫై చేయలేదు. అందుకని క్రెడిట్ కార్డు అప్పున్న ఉద్యోగి ఆ సెక్షన్ పట్టుకుని హైదరాబాద్ డీఆర్‌టీకో విశాఖ డీఆర్‌టీకో వెళ్తే వినేవాళ్లుండరు. దీనికోసం ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఓరుగల్లు_61

మరి మామూలు మనిషి ఐపీ పెట్టాలంటే ఏమేం కావాలి? ఎంత అప్పుంటే పెట్టొచ్చు? పెట్టిన రోజు నుంచే అప్పులవాళ్లు ఇంటి మీదికి రావడం ఆగుతుందా?

సివిల్_సైడు

అప్పు 500 రూపాయలుంటే చాలు. 1920 నాటి అంకె అలాగే ఉండిపోయింది. డబ్బు డిక్రీ అమలులో అరెస్టయి ఉన్నా, ఆస్తి జప్తులో ఉన్నా కూడా వేయొచ్చు. అసలు కష్టం పిటిషన్ రాయడంలో ఉంది.

13వ సెక్షన్ అడిగేవి ఇవి. అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నానన్న ప్రకటన. ప్రతి రుణదాత పేరు, చిరునామా, బాకీ మొత్తం, అది ఏ రకం బాకీ. ఉన్న ఆస్తి అంతా, దాని విలువ, అది ఎక్కడుంది. ఆ ఆస్తిని కోర్టు చేతిలో పెట్టడానికి సిద్ధమన్న మాట. ఇంతకుముందు ఎప్పుడైనా ఐపీ వేశారా లేదా అన్నది. వీటితో పాటు ఖాతా పుస్తకాలు కోర్టుకు అప్పగించాలి.

పిటిషన్లు ఎక్కువగా చెడేది రుణదాతల జాబితా దగ్గరే. బ్యాంకు అప్పు, ప్రోనోట్లు రాస్తారు. చేబదుళ్లు, చిట్టీ బకాయిలు, బంగారం తాకట్టు, బావమరిది దగ్గర తెచ్చినవి వదిలేస్తారు. పేరు లేని రుణదాతకి నోటీసు వెళ్లదు, అతను ఎప్పుడైనా వచ్చి ఎదురు తిరగొచ్చు. రెండో తప్పు ఆస్తి దాచడం. భార్య పేరున ఉన్న ప్లాటుకి డబ్బు ఎవరు కట్టారన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికొస్తుంది. తప్పుడు పద్దులు రాసినా, ఆస్తి దాచినా 69వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు.

ఇక పెట్టిన రోజు నుంచే రక్షణ ఉంటుందా అంటే, ఉండదు. వేరే కోర్టుల్లో ఉన్న దావాలు పిటిషన్ పడగానే వాటంతటవే ఆగిపోవు. కోర్టు 27వ సెక్షన్ కింద దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి రిసీవర్ (ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించే మనిషి) చేతికి వెళ్తుంది. అప్పటి నుంచి కోర్టు అనుమతి లేకుండా రుణదాతలు కొత్త దావా వేయకూడదు. అరెస్టు నుంచి రక్షణకి 31వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు వేసుకోవాలి.

ఇంకో మాట. ఒకసారి వేసిన పిటిషన్‌ని కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు. అప్పులవాళ్లని బెదిరించి రాజీకి తెచ్చుకుందామని ఐపీ వేయడం చాలా ప్రమాదం.

తెనాలి_బజారు

ఆస్తి రిసీవర్‌కి పోతే ఇంట్లో ఏం మిగులుతుంది? తాకట్టులో ఉన్న ఇల్లు ఐపీతో ఆగుతుందా?

సివిల్_సైడు

తాకట్టు ఇల్లు ఆగదు. 28వ సెక్షన్ 6వ ఉపసెక్షన్ ప్రకారం సెక్యూర్డ్ రుణదాత తన తాకట్టు హక్కు తాను అమలు చేసుకోవచ్చు. బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కట్టకపోతే స్వాధీనం చేసుకునే పని ఐపీకి సంబంధం లేకుండా నడుస్తుంది. ఇల్లు కాపాడుకోవాలంటే మాట్లాడాల్సింది బ్యాంకుతో, లేదా వెళ్లాల్సింది డీఆర్‌టీకి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయకూడదన్నవి రిసీవర్‌కి కూడా పోవు. ఒంటి మీది బట్టలు, వంట పాత్రలు, పక్కలు, మత ఆచారం ప్రకారం స్త్రీ తీసేయకూడని నగ, అంటే మన దగ్గర మంగళసూత్రం. చేతివృత్తుల వాళ్ల పనిముట్లు, రైతు నాగలి, పశువులు, రైతు కాపురముండే ఇల్లు. ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా సొమ్ము. మామూలు డబ్బు డిక్రీలో జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టరు.

ఇక్కడ "రైతు" అన్న మాటకి కోర్టులు గట్టి అర్థమే చెబుతాయి. రెండెకరాలు కౌలుకిచ్చి బజార్లో షాపు నడిపేవాడి ఇల్లు రైతు ఇల్లు కాదు.

కొత్తపేట_మిర్చియార్డు

ఇంతసేపూ అప్పు తీసుకున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నాం. ఇచ్చినవాళ్ల సంగతి చూడండి. ఐపీ నోటీసు ఇంటికి రాగానే "ఇక డబ్బు పోయింది" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. వదిలేయకూడదు.

మొదటిది గడువు. ప్రోనోటుకి మూడేళ్లే. మధ్యలో చెల్లు వేయించుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఐపీ పెండింగ్‌లో ఉంది కదా, అది తేలాక దావా వేద్దాం అని కూర్చుంటే మునిగిపోతారు. దివాలా ప్రకటన జరిగి తర్వాత రద్దయితే, ప్రకటనకీ రద్దుకీ మధ్య కాలాన్ని మాత్రమే 78వ సెక్షన్ మినహాయిస్తుంది. పిటిషన్ వేసిన రోజు నుంచి ప్రకటన దాకా నడిచిన కాలానికి మినహాయింపు లేదు. ఐపీ రెండేళ్లు సాగి చివరికి కొట్టేస్తే ఆ రెండేళ్లూ మీ లెక్కలో పోయినట్టే. ప్రకటన రాకముందే, గడువులోపు దావా వేసేయండి. ఆస్తి చేతులు మారే సూచన కనిపిస్తే ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే జప్తు అడగండి.

రెండోది బదిలీలు. ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలో కొడుకు పేరునో భార్య పేరునో రాసిన దానపత్రాల్ని 53వ సెక్షన్ కింద రద్దు చేయించొచ్చు. నిజంగా డబ్బిచ్చి మంచి నమ్మకంతో కొన్నవాడికి రక్షణ ఉంటుంది కానీ దానం పుచ్చుకున్నవాడికి ఉండదు. ఒక అప్పులవాడికి మాత్రమే ముందుగా కట్టేసి మిగతావాళ్లకి చేయిచ్చి ఉంటే, అది పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో జరిగుంటే, 54వ సెక్షన్. ఇవి రిసీవర్ చేయాల్సిన పనులు. రిసీవర్ కదలకపోతే 54ఎ కింద కోర్టు అనుమతితో రుణదాతే వేయొచ్చు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం) తీసి పిటిషన్ తేదీతో పోల్చి చూడటం ప్రతి రుణదాతా మొదటి వారంలోనే చేయాల్సిన పని.

మూడోది బోగస్ అప్పులు. బంధువుల పేరున పాత తేదీలతో నోట్లు రాయించి జాబితా ఉబ్బిస్తారు. దానివల్ల వచ్చే నాలుగు డబ్బుల్లోనూ మీ వాటా తగ్గుతుంది. రుణాల పట్టిక తయారయ్యేటప్పుడు రుజువు అడగండి. తప్పుగా ఎక్కిన పేరుని తీసేయమని కూడా అడగొచ్చు.

ఇంకొకటి, ఐపీ అప్పుదారే వేయాలని లేదు. అప్పులవాళ్లకి అందకుండా ఊరు విడిచి పోవడం, ఇంటికి తాళం పెట్టి దాక్కోవడం, "నేనిక ఎవరికీ కట్టను" అని నోటీసివ్వడం, ఇవన్నీ 6వ సెక్షన్ ప్రకారం దివాలా చర్యలే. అలాంటిది జరిగిన మూడు నెలల్లోపు రుణదాత కూడా పిటిషన్ వేయొచ్చు.

ఓరుగల్లు_61

తండ్రి ఐపీ పెడితే కొడుకుల వాటా కూడా పోతుందంటారు. నిజమేనా అన్నా?

కొత్తపేట_మిర్చియార్డు

పాత పద్ధతిలో పోయేది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న సూత్రం మీద ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటా మీదికీ వెళ్లేవాళ్లు. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకి ఆ సూత్రం ఒక్కదాని మీదే కొడుకుని పట్టుకోవడానికి లేదు. కొడుకు నోటు మీద సంతకం చేసినా, హామీదారుగా ఉన్నా అది వేరే లెక్క. కుటుంబ అవసరానికి కర్తగా చేసిన అప్పయితే ఉమ్మడి ఆస్తికి బాధ్యత ఉంటుంది.

వైజాగ్_లెడ్జర్

ఇక కంపెనీ వైపు నేను రాస్తాను.

ఎన్‌సీఎల్‌టీకి మూడు దారుల్లో వెళ్తారు. బ్యాంకులాంటి ఆర్థిక రుణదాత 7వ సెక్షన్, సరుకో సేవో ఇచ్చి బాకీ పడ్డ సరఫరాదారు 9వ సెక్షన్, కంపెనీయే స్వయంగా 10వ సెక్షన్. కనీస బాకీ మొదట లక్ష ఉండేది. 2020 మార్చి 24న కోటికి పెంచారు. 9వ సెక్షన్‌కి ముందు డిమాండ్ నోటీసు ఇచ్చి 10 రోజులు ఆగాలి. ఆ నోటీసు రాకముందే సరుకు నాణ్యత మీదో లెక్కల మీదో నిజమైన వివాదం నడుస్తున్నట్టు ఈమెయిల్స్ ఉంటే పిటిషన్ అక్కడే పోతుంది. సరఫరాదారులు ఎక్కువగా ఓడేది ఈ కారణంతోనే. ఇన్‌వాయిస్‌లు పక్కాగా ఉంటాయి, కానీ ఆర్నెల్ల కిందట అవతలివాళ్లు పంపిన ఫిర్యాదు మెయిల్ ఒకటి బయటపడుతుంది.

కంపెనీయే వెళ్లాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం, గత రెండేళ్ల ఆడిట్ లెక్కలు, ఈ ఏడాది తాత్కాలిక లెక్కలు, తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడిపే నిపుణుడు) పేరు, అతని అంగీకారపత్రం కావాలి. ఫీజు 25,000. సరఫరాదారుడికైతే 2,000.

ట్రైబ్యునల్ పిటిషన్‌ని అడ్మిట్ చేసిన రోజు నుంచి కంపెనీ డైరెక్టర్ల చేతుల్లో ఉండదు. బోర్డు అధికారాలు ప్రొఫెషనల్‌కి వెళ్తాయి. 14వ సెక్షన్ మారటోరియం వస్తుంది, దావాలు, జప్తులు, సర్ఫేసీ అన్నీ ఆగుతాయి. ఆర్థిక రుణదాతల కమిటీ ఏర్పడుతుంది. కంపెనీని తీసుకుని బాకీలు తీరుస్తామని ముందుకొచ్చేవాళ్ల ప్రణాళికకి ఓటు విలువలో 66 శాతం కావాలి. గడువు 180 రోజులు, ఇంకో 90 పొడిగించొచ్చు, కోర్టు వ్యాజ్యాలతో కలిపి మొత్తం 330. ప్రణాళిక కుదరకపోతే లిక్విడేషన్, అంటే ఆస్తులమ్మి పంచేయడం.

కోడ్ కింద దేశంలో మొదట ఆమోదం పొందిన ప్రణాళిక మన విశాఖ కంపెనీదే. సినర్జీస్ డూరే ఆటోమోటివ్, 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచ్ ఇచ్చింది. అందులో ఆర్థిక రుణదాతలకి దక్కింది వాళ్ల క్లెయిముల్లో ఆరు శాతం లోపే. అదే నెలలో కోడ్ కిందకొచ్చిన హైదరాబాద్ లాంకో ఇన్‌ఫ్రాటెక్‌కి ప్రణాళిక కుదరలేదు, 2018లో లిక్విడేషన్‌కి పోయింది. ఎన్‌సీఎల్‌టీకి పోయింది అనగానే కంపెనీ మూతపడినట్టు కాదు, బాకీ వసూలైనట్టు కూడా కాదు.

నిడదవోలు_స్పేర్స్

కోటి లోపు బాకీ ఉన్న సరఫరాదారుల గతేమిటి? 40 లక్షల బిల్లుకి ఎన్‌సీఎల్‌టీ లేనట్టేగా.

వైజాగ్_లెడ్జర్

ఎన్‌సీఎల్‌టీ లేదు, కానీ వేరే మంచి దారి ఉంది. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉండి మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే ఎంఎస్ఎంఈడీ చట్టం 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లండి. చెల్లింపు గడువు ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. మించితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. కౌన్సిల్ అవార్డుని సవాలు చేయాలంటే అవతలివాడు 75 శాతం ముందే డిపాజిట్ కట్టాలి. ఈ ఒక్క షరతు వల్లే చాలామంది దిగొస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సరుకు ఇవ్వకముందే ఉండాలి, బాకీ పడ్డాక తీసుకుంటే పాత బిల్లులకి పనిచేయకపోవచ్చు. అది లేకపోతే కమర్షియల్ కోర్టు.

అవతలి కంపెనీ మీద వేరెవరో వేసి అడ్మిట్ అయితే మాత్రం కోటి నిబంధనతో పనిలేదు. ప్రకటన వచ్చాక సరఫరాదారు ఫారం బిలో క్లెయిమ్ వేయాలి. కార్మికులు, ఉద్యోగులు ఫారం డి, ఫ్లాట్ కొన్నవాళ్లు ఫారం సిఎ. ప్రకటనలో ఇచ్చే గడువు సాధారణంగా 14 రోజులు. పేపర్లో ప్రకటన చూడక క్లెయిమ్ వేయనివాళ్ల బాకీ, ప్రణాళిక ఆమోదం పొందాక ఆరిపోతుంది. మీకు బాకీ ఉన్న కంపెనీ పేరుని ఐబీబీఐ (దివాలా నియంత్రణ బోర్డు) వెబ్‌సైట్‌లో నెలకోసారి వెతకడం అలవాటు చేసుకోండి.

మాదాపూర్_అకౌంట్స్

ఉద్యోగుల గురించి రెండు ముక్కలు. లిక్విడేషన్‌లో దివాలా కోడ్ 53వ సెక్షన్ వరస ఇది. ముందు ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలూ, తాకట్టు వదులుకున్న సెక్యూర్డ్ రుణదాతలూ సమానంగా. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం. తర్వాత తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు. ప్రభుత్వ బకాయిలు దాని కింద. సరఫరాదారులు ఇంకా కింద. వాటాదారులు అడుగున. పీఎఫ్, గ్రాట్యుటీ నిధి ఈ వరసలోకే రావు, అవి కంపెనీ ఆస్తి కావు. "మేనేజర్" హోదాలో ఉన్నవాళ్లు కార్మికుల లెక్కలోకి రారని చాలామందికి క్లెయిమ్ తిరిగొచ్చాకే తెలుస్తుంది.

ఫ్లాట్ల వాళ్లకి: బిల్డర్ మీద మీరే 7వ సెక్షన్ వేయాలంటే అదే ప్రాజెక్టులో కనీసం 100 మంది, లేదా మొత్తం కొనుగోలుదారుల్లో పదో వంతు, ఏది తక్కువైతే అంతమంది కలవాలి.

తెనాలి_బజారు

మిల్లు చిన్నది. 4 కోట్ల అప్పుకి ఇంత ప్రక్రియా? ఖర్చెంతవుతుంది?

వైజాగ్_లెడ్జర్

సరైన ప్రశ్న. క్లెయిములు 50 కోట్ల లోపున్నా రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి కనీసం నెలకి లక్ష ఫీజు అని నిబంధనల్లోనే ఉంది. వాల్యుయేషన్, ప్రకటనలు, కాపలా, లాయర్లు దానికి అదనం. ఏడాది సాగితే చిన్న మిల్లుకి ఉన్న విలువలో పెద్ద ముక్క ఇందులోనే పోతుంది.

అందుకే ఎంఎస్ఎంఈలకు (చిన్న, మధ్యతరహా సంస్థలకు) 2021 ఏప్రిల్‌లో ప్రీ ప్యాక్ తెచ్చారు, అంటే రుణదాతలతో ముందే మాట్లాడుకుని ట్రైబ్యునల్‌కి వెళ్లే పద్ధతి. కనీస బాకీ 10 లక్షలు. కంపెనీ యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. దరఖాస్తుకి ముందే సంబంధం లేని ఆర్థిక రుణదాతల్లో 66 శాతం ఒప్పుకోవాలి, వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. మొత్తం 120 రోజులు, అందులో 90 రోజుల్లో ప్రణాళిక ట్రైబ్యునల్ ముందుండాలి. పప్పు మిల్లుకి ఉన్నది ఒకే బ్యాంకు కాబట్టి ఆ బ్యాంకు ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. బ్యాంకు అంతదూరం ఒప్పుకునేట్టయితే వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కే ఒప్పుకోవచ్చు, అది ఇంకా చవక. నా ఉద్దేశంలో ఈ ఉదాహరణలో మొదట ప్రయత్నించాల్సింది అదే.

అప్పులేమీ లేకుండా ఊరికే మూసేయాలనుకునే కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు. ఎస్‌టీకే 2 ఫారం వేసి పేరు కొట్టేయించుకోవచ్చు. ఆస్తులుండి అప్పులన్నీ తీర్చగలిగితే 59వ సెక్షన్ స్వచ్ఛంద లిక్విడేషన్. ఈ రెండూ దివాలా కావు.

పద్దుపుస్తకం

అసలు చిక్కు గ్యారంటీ దగ్గరుంది, దాన్ని ఎవరూ తాకలేదు.

మిల్లు కంపెనీకి మారటోరియం వచ్చినా అన్నదమ్ములకు రాదు. 14వ సెక్షన్ గ్యారంటీదారుని కాపాడదని 2018 సవరణలో స్పష్టంగా రాశారు. కంపెనీకి ప్రణాళిక ఆమోదం పొంది బ్యాంకుకి రూపాయికి ముప్పై పైసలొచ్చినా, మిగతా డెబ్బై కోసం బ్యాంకు గ్యారంటీదారుల మీదికి వెళ్తుంది. దీన్ని సుప్రీంకోర్టు 2021 మే 21 తీర్పులో సమర్థించింది. "కంపెనీయే పోయాక ఇక నాకేంటి" అనుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

బ్యాంకు 14 రోజుల డిమాండ్ నోటీసిచ్చి 95వ సెక్షన్ కింద వేయొచ్చు. గ్యారంటీదారు తానే 94వ సెక్షన్ కింద కూడా వేసుకోవచ్చు. రిజల్యూషన్ ప్రొఫెషనల్ కాగితాలు చూసి నివేదిక ఇస్తాడు, దాని మీద ట్రైబ్యునల్ అడ్మిట్ చేస్తే 180 రోజుల మారటోరియం. ఈ మారటోరియం బ్యాంకు అప్పుకే కాదు, ఆ వ్యక్తి అప్పులన్నిటికీ. అంటే మన ఉదాహరణలో అన్న షాపు కోసం తెచ్చిన 38 లక్షల ప్రోనోట్లు కూడా ఇందులోకొస్తాయి. ఆ లోపు తిరిగి చెల్లించే ప్రణాళిక పెట్టి, ఓటు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒప్పించుకోవాలి. కుదరకపోతే బ్యాంక్రప్ట్సీ, ఆస్తి ట్రస్టీ చేతికి, ఆ తర్వాత డిశ్చార్జి, అంటే మిగిలిన అప్పుల నుంచి విడుదల.

కాబట్టి అన్నకి ఐపీ కన్నా ఈ దారే పొందికగా ఉండొచ్చు. అన్ని అప్పులూ ఒకేచోట తేలతాయి. కేవలం షాపు మాత్రమే ఉండి, గ్యారంటీ ఏదీ లేని వ్యాపారికి ఈ దారి లేదు.

ఒక జాగ్రత్త. 2016లో రాసినప్పుడు దరఖాస్తు వేసిన రోజు నుంచే తాత్కాలిక మారటోరియం ఉండేది. వేలాన్ని ఆపడానికే దీన్ని వాడుతున్నారని, గ్యారంటీదారులకు తీసేయాలని 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో పెట్టారు. దరఖాస్తు వేసే రోజున అమల్లో ఉన్న పాఠం దగ్గర పెట్టుకుని మాత్రమే ముందుకెళ్లండి.

నిడదవోలు_స్పేర్స్

చెక్కు బౌన్స్ కేసులు? ఐపీ పెడితే 138 కేసు ఆగుతుందని చాలామంది చెబుతారు.

సివిల్_సైడు

ఆగదు. అది క్రిమినల్ కేసు, ఐపీ సివిల్. కంపెనీ విషయంలో మారటోరియం ఉన్నంతకాలం కంపెనీ మీద 138 ఆగుతుంది, సంతకం పెట్టిన డైరెక్టర్ మీద ఆగదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. వ్యక్తి పర్సనల్ గ్యారంటీ కింద దివాలాకి వెళ్లినా తాను సంతకం పెట్టిన చెక్కు మీద విచారణ ఆగదని 2025లో మళ్లీ చెప్పింది. రిజిస్ట్రేషన్ లేని చిట్టీలు నడిపి చేతులెత్తేసిన కేసుల్లో డిపాజిటర్ల రక్షణ చట్టం, 1999 కింద పోలీసు కేసూ ఆస్తుల జప్తూ ఉంటాయి. వాటినీ ఐపీ ఆపదు.

డాలస్_గోదారి

ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం ఈ భాగం. మన దగ్గరిలా కాకుండా ఇక్కడ వ్యక్తికైనా కంపెనీకైనా ఒకే ఫెడరల్ కోడ్, ఒకే బ్యాంక్రప్ట్సీ కోర్టు. చాప్టర్ నంబరు మాత్రం మారుతుంది. చాప్టర్ 7లో మినహాయింపులు పోగా ఉన్న ఆస్తి ట్రస్టీ అమ్ముతాడు, మిగతా అప్పు చాలావరకు రద్దు. గత ఆరు నెలల ఆదాయాన్ని రాష్ట్ర మధ్యస్థ ఆదాయంతో పోల్చే మీన్స్ టెస్ట్ దాటాలి. చాప్టర్ 13లో జీతం నుంచి మూడు నుంచి ఐదేళ్లు ప్రణాళిక ప్రకారం కడతారు, ఇల్లు నిలుపుకోవాలనుకునేవాళ్లకి ఇదే. చాప్టర్ 11 ప్రధానంగా నడుస్తున్న వ్యాపారాలకి. కేసు వేసేముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ తప్పనిసరి. వేయగానే ఆటోమేటిక్ స్టే వస్తుంది, వసూళ్లు వాటంతటవే ఆగుతాయి.

మనవాళ్లు తప్పు చేసేది రెండు చోట్ల. ఇండియాలో ఉన్న ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నాన్న రాసిచ్చిన పొలం వాటా షెడ్యూల్‌లో చూపరు. కోడ్ 541వ సెక్షన్ ఆస్తి ఎక్కడున్నా లెక్కలోకి తీసుకుంటుంది. దాచితే డిశ్చార్జి పోతుంది, ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన నేరం కూడా. రెండోది, వేసేముందు బావ దగ్గర తెచ్చిన 20,000 డాలర్లు గౌరవంగా తీర్చేస్తారు. బంధువులకు చేసిన చెల్లింపుల్ని ఏడాది వెనక దాకా ట్రస్టీ తవ్వి, ఆ డబ్బు బావ దగ్గర్నుంచి వెనక్కి రాబట్టొచ్చు. స్టూడెంట్ లోన్, పిల్లల పోషణ బాకీ సాధారణంగా రద్దు కావు.

ఓరుగల్లు_61

చివరిగా ఐపీ దగ్గరికే వస్తాను. కోర్టు దివాలాదారుగా ప్రకటించింది. అక్కడితో అప్పు పోయినట్టేనా?

సివిల్_సైడు

పోలేదండి. ఈ చర్చ మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ప్రకటన వేరు, డిశ్చార్జి వేరు. ప్రకటన ఉత్తర్వులోనే "ఇంత కాలంలోపు డిశ్చార్జికి దరఖాస్తు చేయాలి" అని కోర్టు గడువు రాస్తుంది. ఆ గడువు దాటిపోతే 43వ సెక్షన్ కింద ప్రకటనే రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. ఉత్తర్వు కాపీ చేతికొచ్చిన రోజే గడువు తేదీ చూసుకోండి. ప్రకటన ఉత్తర్వు ఫ్రేము కట్టించినంత భద్రంగా దాచుకుని ఆ తేదీ మరిచిపోయేవాళ్లు చాలామంది.

డిశ్చార్జి అడిగినా పూర్తిగా ఇవ్వాలని లేదు. ఉన్న ఆస్తి విలువ, తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి అర్ధ రూపాయికి కూడా రాకపోయి, దానికి తన తప్పు లేదని చూపించలేకపోతే, గత మూడేళ్ల ఖాతా పుస్తకాలు లేకపోతే, తీర్చలేనని తెలిసీ వ్యాపారం సాగించి అప్పులు చేస్తే, జూదంతోనో స్పెక్యులేషన్‌తోనో మునిగితే 42వ సెక్షన్ ప్రకారం సంపూర్ణ డిశ్చార్జి నిరాకరించాలి. షరతులతోనో వాయిదా వేసో ఇవ్వొచ్చు. డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో తెచ్చినవి, భార్యాపిల్లల మనోవర్తి పోవు. హామీ సంతకం పెట్టిన స్నేహితుడు కూడా విడుదల కాడు. డిశ్చార్జి రాకముందు 50 రూపాయలో అంతకన్నా ఎక్కువో అప్పు తెస్తే తాను దివాలాదారునని ముందే చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష ఉంది. కంపెనీ డైరెక్టర్‌గా ఉండడానికి లేదు, చట్టసభకి పోటీ చేయడానికీ లేదు.

రుణదాతల్లో సంఖ్యలో సగానికి పైగా, రుజువైన బాకీ విలువలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకుంటే 38వ సెక్షన్ కింద రాజీ పథకం పెట్టి కోర్టు ఆమోదంతో బయటపడే దారి ఉంది. షాపు 38 లక్షల్లాంటి వాటికి అది బాగా పనికొస్తుంది, ఎవరూ వాడుకోరు.

తెనాలి_బజారు

అర్థమైంది సార్. అంటే ఈ ఉదాహరణలో ముందు బ్యాంకుతో సెటిల్‌మెంట్. కుదరకపోతే కంపెనీకి ప్రీ ప్యాక్, అన్నదమ్ములకు 94. ఐపీ చివరికి, అదీ గ్యారంటీ దారి మూసుకుపోతేనే. తమ్ముడికి షాపు అప్పుతో సంబంధం లేదు కాబట్టి అతని దరఖాస్తులో ప్రోనోట్లు రావు. సరేనా?

పద్దుపుస్తకం

ప్రోనోట్ల మీద తమ్ముడి సంతకం హామీగా లేకపోతేనే. అసలు నోట్లు ఒక్కోటీ తిప్పి వెనక వైపు కూడా చూడండి. చెల్లు రాసిన చోట ఎవరి సంతకం ఉందో, ఏ తేదీ ఉందో ముందు పట్టిక వేసుకోండి. మిగతాదంతా ఆ పట్టిక మీద ఆధారపడుతుంది.